మేఫెయిరు భోజనశాలలు

లండను నగరమున కొంతకాలము వసించి యీ నడుమ స్వదేశమునకు మరలివచ్చిన మిత్రులొకరు మాకొక భోజనపట్టికను చూపిరి. మేఫెయిరు పేటలోని యొక ఖరీదైన భోజనశాలలో విందారగించి, దానిని జ్ఞాపకార్థము వెంట దెచ్చుకొనిరట. దళసరి కాగితము, అందమైన అచ్చు, శిరోభాగమున “సంప్రదాయ బ్రిటిషు భోజనము” అను శీర్షిక. దాని క్రింద ఆల్చిప్పలు, గ్రౌస్ పక్షి, ఎముకతో గాల్చిన గోమాంసము, మాంసమును మూత్రపిండములను పిండిగూటిలో నిమిడ్చి కాల్చు ‘పై’, ఆవిరిమీద నుడికించిన పుడ్డింగు, స్టిల్టన్ చీజు, పోర్టు ద్రాక్షసారా వరుసగా నున్నవి. ఒక్క మనిషి భోజనమునకైన వ్యయమును విని మేము దానిని వెంటనే రూపాయలలోనికి మార్చి చూచుకొంటిమి. మార్చి చూడకుండిన బాగుండెడిది.

ఈ వస్తువుల పేళ్లు వినుటకే మన పాఠకులలో పెక్కురకు రోతగా నుండును. వారు క్షమింతురు గాక. మేమిచట రుచులను విచారింపబూనలేదు. ఎవరి తిండి వారికమృతము. మా సందేహము శీర్షికను గూర్చి మాత్రమే. సంప్రదాయమనియు, బ్రిటిషుదనియు ఆ పట్టిక చెప్పుకొను రెండు మాటలును ఎంతవరకు నిజములు? ఆ సంప్రదాయము బ్రిటిషు ప్రజలదా, బ్రిటిషు భూస్వాములదా? నేల గలవారును, పట్టణములలో పలుకుబడి గలవారును అయిన మన పాఠకులకు ఈ ప్రశ్న కేవలము పరదేశ విషయము కాదని మా నమ్మకము.

మేఫెయిరనగా మే నెల సంత. 1686 మొదలుకొని ఏటేట మే నెలలో అచట సంత కూడెడిది. బేరములు, బొమ్మలాటలు, త్రాగుడు, జూదము సమస్తము నుండెడివి. చుట్టును గొప్పవారి మేడలు లేచుటతోడనే వారికా రొద గిట్టదయ్యెను. 1764 నాటికి సంత నణచివేసిరి. పేరు మాత్రము మిగిలినది. పామరులను వెడలగొట్టి వారి సంత పేరును తాము ధరించిన పేట యది. పామరుల వంటకములకును అచట ఇదే గతి పట్టినదని ముందు చూపుదుము.

ఆ పేట నేలకు వేరొక కథ కలదు. 1677లో సర్ థామస్ గ్రోవ్‌నర్ అను ప్రభువు మేరీ డేవీస్ అను పండ్రెండేండ్ల బాలికను వివాహమాడెను. ఆ బాలిక వెంట సుమారు 500 ఎకరముల పచ్చికబీళ్లును చిత్తడినేలయు అరణముగా వచ్చినవి. అందు రమారమి నూరెకరములు నేటి మేఫెయిరు. నాడు పశువులు మేసిన ఆ నేల నేడు ప్రపంచమున మిక్కిలి వెలగల స్థలములలో నొకటి. దానిలో అధికభాగము నేటికిని ఆ వంశముదే. 2016లో వెస్ట్‌మినిస్టర్ డ్యూకు మరణింపగా ఇరువదియైదేండ్ల యువకుడు ఈ యావదాస్తికిని ఏలిక యయ్యెను. మన సర్కారు జిల్లాలలో 1802లో ఇంగ్లీషువారు నెలకొల్పిన శాశ్వత పరిష్కారపు జమీందారీలు 1948 నాటి మద్రాసు శాసనముతో రద్దయినవి. ఆ పరిష్కారమును మనకు తెచ్చి పెట్టినవారి రాజధానిలో మాత్రము ఒక పెండ్లికూతురి అరణము మూడున్నర శతాబ్దములుగా కదలలేదు. వెండిపళ్లెరములలో వడ్డించు భోజనశాలల యజమానులు సైతము అచట సామాన్యముగా కౌలుదారులే.

ఈ పేటతో తెలుగువారికి పాతఋణానుబంధము కలదు. బర్క్‌లీ చౌకునందలి 45వ నంబరు మేడ క్లైవుది. ప్లాసీ తరువాత ఆతడు పొందిన జాగీరు ఏటికి రమారమి 27,000 పౌనుల రాబడి నిచ్చెడిది. 1765 ఆగస్టు 12వ తేదీన షా ఆలం పాదుషా యొద్ద వంగ, బీహారు, ఒరిస్సాల దివానీని కంపెనీకి సంపాదించినవాడాతడు. మన ఉత్తర సర్కారులకును ఆ సందర్భముననే ఫర్మానా పుచ్చుకొనబడెను. మరుసటి సంవత్సరము నిజాముతో ఒడంబడిక జరిగెను. మచిలీపట్టణపు రైతుకు గాని, రాజమహేంద్రవరపు నేతగానికి గాని తమ యేలిక మారినట్లు తెలియుటకు ఎన్నాళ్లు పట్టినదో! క్లైవు 1774లో ఆ బర్క్‌లీ మేడలోనే మరణించెను. భారతదేశమునుండి మూటలు గట్టుకొని వచ్చిన ఇట్టి ‘నబాబు’లను నాటి లండను ప్రభువర్గము పరిహసించెడిది. వారి ధనమును మాత్రము పరిహసింపలేదు.

ఆగస్టు 12వ తేదీకి ఆ దేశమున వేరొక ప్రసిద్ధి కలదు. గ్రౌస్ పక్షులను వేటాడుట కనుమతి ప్రారంభమగు దినమది. 1831 నాటి వేటల శాసనమునుండి ఈ గడువు వచ్చుచున్నది. ఆనాటి ఉదయము స్కాట్లండులోను ఉత్తర ఇంగ్లండులోను కొండబీళ్లపై తుపాకులు మ్రోగును. సాయంకాలమునకే ఆ పక్షి లండను భోజనపు బల్లలపైకి వచ్చుటకు శాలలు పోటీపడును. మన మిత్రులు చూపిన పట్టికలో అన్నిటికంటె హెచ్చు వెల దానిదే. ఇదిగో సంప్రదాయమని వారు గర్వించెదరు. సంప్రదాయమే, కాదనము. ఎవరిదను ప్రశ్నకు చరిత్ర ఉత్తరము చెప్పుచున్నది. 1671 శాసనము ప్రకారము చాలినంత భూమియో హోదాయో లేనివానికి వేట నిషిద్ధము. 1755 మొదలు 1831 వరకు వేటపక్షులను కుందేళ్లను ఎవరును అమ్మగూడదు. అనగా అవి బజారు సరకు కావు. భూస్వామి తాను తినవలెను, లేదా కానుకగా పంపవలెను. తన పంటను మేసిన కుందేలును పట్టుకొన్న రైతుకూలి దొంగ యయ్యెను. రాత్రివేళ వల చేతబట్టి దొరికినవానికి 1816 శాసనము ఏడేండ్ల ద్వీపాంతరవాసమును విధించెను. ఒక కుందేలునకై భార్యాపిల్లలను విడిచి ఆస్ట్రేలియాకు ఓడ నెక్కినవారు కలరు. 

పల్నాటివారి కిది క్రొత్తగా తోపదు. 1882 నాటి మద్రాసు అడవి శాసనమును, పశువుల మేతకు విధించిన పుల్లరిని, దానికెదురు నిలిచి 1922లో తుపాకి గుండ్లకు బలియైన కన్నెగంటి హనుమంతును వారు మరువలేదు. అడవిని గీత గీసి నాది యనుట ఇంగ్లీషు దొర మన దేశమునకు వచ్చి నేర్చుకొన్న విద్య కాదు. తన పల్లెలో, తన జాతివారిమీదనే దాని నభ్యసించి వచ్చెను.

ఇక ఆల్చిప్పలు. వీని చరిత్రము విపరీతమైనది. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున లండను బీదవాని తిండి యిది. 1837లో ముగిసిన తన ‘పిక్విక్ పేపర్స్’ నవలలో డికెన్సు ఒక సేవకుని నోట దారిద్ర్యమునకును ఆల్చిప్పలకును చెలిమి యెక్కువయని పలికించినాడు. వీథి మొగలో బండిపై పెట్టి అమ్మెడివారు. అంతలో అతిగా పట్టుటచేతను, మురుగునీటిచేతను, తెగుళ్లచేతను వాని క్షేత్రములు నశించినవి. సరకు అరుదైనది; వెల పెరిగినది; బీదవాని చేతినుండి జారి శ్రీమంతుని పళ్లెరమున మంచుముక్కలపై కూర్చున్నది. మేఫెయిరు ప్రక్కనే, పికడిలీ వీథికి దక్షిణమున సెంట్ జేమ్సు పేటలోని విల్టన్సు భోజనశాల తన పుట్టుకను 1742 నాటి యొక ఆల్చిప్పల అంగడితో లెక్కించుకొనును. దానిని గూర్చి యొక కథ చెప్పుదురు. రెండవ ప్రపంచయుద్ధకాలమున సమీపమున బాంబు పడగా యజమానురాలు విసిగి, నడుముగుడ్డ విప్పివేసి, అంగడి నమ్మివేయుదు ననెనట. బల్లయొద్ద ఆల్చిప్పలు తినుచున్న ఓలాఫ్ హాంబ్రో అను బ్యాంకు యజమాని, ఆ వెలను గూడ తన బిల్లులో చేర్చుమనెనట. చెప్పగా చెప్పగా అందెంత మెరుగు చేరినదో గాని, బాంబులు పడుచున్న నగరమున ఆకలి గొన్న బీదవాని తిండి బ్యాంకు యజమాని ముచ్చటగా మారిన వైనమును ఇంతకంటె చక్కగా చెప్పు కథ వేరొకటి లేదు.

బ్రిటిషుదను రెండవ మాటకు వత్తము. పట్టిక చివర నున్న పోర్టు సారా పోర్చుగలు దేశముది. 1703లో జరిగిన మెథ్యూన్ సంధితో ఫ్రెంచి ద్రాక్షసారాను కాదని దీనిని త్రాగ మొదలిడిరి. పుడ్డింగులోని చక్కెర వెస్టిండీసు దీవులలో బానిసల చెమట. బల్లపై నిలచు వూస్టర్ పులుసు సీసాలో చింతపండు కలదన్నచో మన గృహిణులు నవ్వుదురు. లీ, పెరిన్సు అను ఇరువురు మందుల వర్తకులు 1837లో దానిని విక్రయింప నారంభించిరి. వంగదేశమున గవర్నరుగా పనిచేసిన సాండిస్ ప్రభువు ఆ పాకమును తెచ్చెనని చిరకాలము ప్రచారము చేసిరి. వంగదేశమును ఆ పేరుగల గవర్నరెవ్వడును పాలింపలేదు. లేని గవర్నరును సృష్టించియైనను చింతపండునకు వంశవృక్షమును సంపాదింపవలసి వచ్చెను గాబోలు! ఉదయపు బల్లపై వచ్చు ‘కెడ్జరీ’ మన కిచిడీయే; అందు పొగచూరిన చేపయు కోడిగ్రుడ్డును చేరినవి. ‘మలిగటాని’ సూపు అరవవారి మిళగు తణ్ణీరు, అనగా మిరియాల నీరు. మన చారునకు దగ్గరి చుట్టము. మద్రాసు రాజధానిలోని ఇంగ్లీషు ఉద్యోగులు దీనిని వదలకుండ త్రాగుటచేత వారికి ‘మల్లులు’ అను ఎగతాళి పేరు గూడ వచ్చినది.

దీనిలో తప్పేమి యని మమ్మడుగవచ్చును. తప్పేమియు లేదు. మిరపకాయ మనది కాదు, పోర్చుగీసులు తెచ్చినది. మిరపకాయ లేని ఆంధ్రుని వంట నెవరూహింపగలరు? ఇచ్చిపుచ్చుకొనుట వంటయింటి ధర్మము. పుచ్చుకొన్నదానిని పుట్టినింటి సొమ్మని చెప్పుకొనుటయే మాకు గిట్టనిది. ఈ విషయమున ఒక మంత్రి చూపిన నిజాయితీని మెచ్చుకొనక తప్పదు. 2001లో విదేశాంగమంత్రి రాబిన్ కుక్ ‘చికెన్ టిక్కా మసాలా’ను నిజమైన బ్రిటిషు జాతీయ వంటకమని ప్రకటించెను. మేఫెయిరు పట్టికలు మాత్రము ఆ ప్రకటనను పాటించినట్లు లేదు.

విచిత్రమేమనగా, ఇప్పుడింత గర్వముతో వడ్డించు ఈ స్వదేశపు తిండిని ఆ దొరలే చిరకాలము చిన్నచూపు చూచిరి. గొప్ప యింట వంటవాడు ఫ్రెంచివాడై యుండవలెను. పట్టిక ఫ్రెంచి భాషలో నుండవలెను. జార్జి యువరాజు 1816లో కరేమును పిలిపించుకొనెను. 1890లో సవోయ్ హోటలునకు ఎస్కాఫియే వచ్చెను. బకింగుహాము నగరులో విందుల పట్టికను నేటికిని ఫ్రెంచి భాషలోనే అచ్చువేయుదురు. లోకమున సగమునకు ఇంగ్లీషు భాషను నేర్పిన రాజ్యము తన రాజుగారి భోజనమునకు ఆ భాష చాలదని తలంచెను! పాల్‌మాల్ వీథిలోని రిఫారం క్లబ్బు వంటశాల కధిపతియైన అలెక్సిస్ సోయే ఫ్రెంచివాడు. 1847లో ఐర్లండు కరవునకు చవుకైన సూపు పాకమును నిర్ణయించుటకు ప్రభుత్వమాతనినే డబ్లినునకు పంపినది. అది మరీ పలుచనయని వైద్యులు కొందరాక్షేపించిరి. ప్రభువుల క్లబ్బులో పసందులు వండిన చేతితోనే కరవు ప్రజలకు గంజి కాచించిన ప్రభుత్వమది.

సామాన్యుని వంట ఏమైనదో ఇప్పుడు చెప్పవలెను. ఇదియే మా వ్యాసమున ముఖ్యాంశము. 1604 మొదలు 1914 వరకు ఇంగ్లండులో 5,200కు పైగా శాసనములు చేసి సుమారు 68 లక్షల ఎకరముల ఉమ్మడి నేలకు కంచెలు వేసిరి. ఆవును మేపుకొన్న బీడు పోయినది, పాలు పోయినవి. పుల్ల లేరుకొన్న అడవి పోయినది, పొయ్యి యారినది. పొయ్యి లేని ఇంట కాల్చిన మాంసమెక్కడిది, రొట్టె యెక్కడిది? బార్కం గ్రామపు పాదిరి డేవిడ్ డేవీస్ 1795లో కూలివారి ఖర్చుల చిట్టాలను ప్రకటించి, కూలివాడు తేనీరు త్రాగుట విలాసమని ఆక్షేపించినవారికి సమాధానము చెప్పెను. పాలు దొరకక, బీరు కొనలేక, రొట్టెముక్కను మ్రింగుటకు వాడు తేనీటిని త్రాగుచున్నాడనియు, అది దారిద్ర్యమునకు హేతువు గాక ఫలమనియు ఆయన వాదము. తరువాత పల్లె ఖాళీయై జనము మిల్లు పట్టణములకు చేరెను. తల్లి మిల్లులో పండ్రెండు గంటలు పనిచేసినచో కూతురికి వంట నేర్పునదెప్పుడు? కొన్న రొట్టె, డబ్బా మాంసము, చక్కెర వేసిన తేనీరు. 1846లో ధాన్యపు సుంకములు తీసివేసిన తరువాత పరదేశపు గోధుమ వచ్చిపడెను. సూయజు కాలువ త్రెవ్విన పిదప మన పంజాబు గోధుమయు ఆ త్రోవనే పోయెను. రెండవ యుద్ధమునకు ముందు బ్రిటను తన యాహారమున మూడింట రెండుపాళ్లు పరదేశములనుండి తెచ్చుకొనుచుండెను. ఇంగ్లీషువాడు వంట యెరుగడని ఐరోపా అంతయు నవ్వినది. అతడు వంటను మరువలేదు. వంటచెరకును, పాడిని, పెరటిని అతనియొద్దనుండి తీసికొనిరి. కంచె వేసిన కుటుంబముల బల్లపై మాత్రము గ్రౌసును, గోమాంసమును, పాలమీగడయు చెక్కుచెదరక నిలచినవి. వానినే మనమిప్పుడు బ్రిటిషు సంప్రదాయమని వెలబెట్టి తినుచున్నాము.

ప్రజలందరును భాగస్వాములైన బ్రిటిషు భోజనము ఒక్కటి లేకపోలేదు. అది యుద్ధకాలపు భోజనము. 1940 జనవరిలో రేషను వచ్చెను. 1954 జూలైవరకు సాగెను. భోజనశాలలలో తిను భోజనమునకు రేషను చీటీ యక్కరలేకుండుటచే ధనికులు మేఫెయిరు హోటళ్లలో యథేచ్ఛగా భుజించిరి. జనము గొణుగగా 1942లో ఒక్కొక్క భోజనమునకు అయిదు షిల్లింగులకు మించరాదని గీత గీసిరి. పెద్ద హోటళ్లు ‘ఇంటి ఖర్చు’ అను పేర వేరుగా వసూలు చేసికొనుట కనుమతి నిచ్చిరి. మరొకవంక ప్రభుత్వమే సామాన్యులకై షిల్లింగు లోపున కడుపునిండ భోజనము పెట్టు శాలలను తెరచినది. 1943 నాటికి అట్టివి రెండువేలకు మించినవి. వానికి చర్చిలు పెట్టిన పేరు ‘బ్రిటిష్ రెస్టారెంట్లు’. ఆ పేరునకు అర్హమైన శాలలు ఇంతవరకు అవియే యని మా యభిప్రాయము. రేషనుతో ఆ దేశపు బీదపిల్లలు అంతకుముందుకంటె బాగుగా తినిరని వారి చరిత్రకారులే వ్రాసిరి. ఆ 1943 సంవత్సరముననే వంగదేశమున రమారమి ముప్పది లక్షల ప్రజలు అన్నము లేక మరణించిరి. ధాన్యమునకు ఓడలు కావలెనని ఢిల్లీనుండి పోయిన వేడికోళ్లను లండను యుద్ధమంత్రివర్గము పలుమారు త్రోసివేసెను. తన ప్రజలకు సమముగా పంచుట తెలిసిన ప్రభుత్వమే యిది. తెలియక చేసినదని మేమనజాలము.

అచటి మంచినిగూడ చెప్పవలెను. తమ పల్లెవంట అడుగంటుచున్నదని గుర్తించినవారు వారిలో కలరు. ఫ్లోరెన్సు వైటు అను విదుషి 1928లో ఇంగ్లీషు జానపదవంటల సంఘమును స్థాపించి, 1932లో పల్లెటూళ్ల వంటకములను గ్రంథముగా ప్రకటించెను. డొరొతి హార్ట్లీ 1954లోను, జేన్ గ్రిగ్సన్ 1974లోను ఆ కృషిని సాగించిరి. 1994లో ఫెర్గస్ హెండర్సన్ స్మిత్‌ఫీల్డు మాంసపు బజారు చెంత భోజనశాలను తెరచి, పశువును చంపినచో దానిలో ఏ భాగమును పారవేయరాదను పాత పల్లె మర్యాదను తిరిగి నిలబెట్టెను. స్టిల్టన్ చీజును మూడు జిల్లాలలో తప్ప మరెక్కడను చేయరాదని చట్టరక్షణ సంపాదించుకొనిరి. స్టిల్టన్ గ్రామము ఆ జిల్లాలలో లేకపోవుటచే ఆ యూరివారే దానిని చేయగూడదనుట చట్టముల చమత్కారము. అయినను ఈ పునరుద్ధరణ ఫలము ఎవరి పళ్లెరమున పడినదని చూడగా, మరల మేఫెయిరే కనబడుచున్నది. అదే రాజ్యమున 2023–24 సంవత్సరమున ట్రస్సెల్ అను ధర్మసంస్థ కేంద్రములనుండి 31 లక్షల అత్యవసరపు ఆహార పొట్లములు పంచబడినవి. వానిలో డబ్బా చిక్కుళ్లు, డబ్బా సూపు, తేయాకు, చక్కెర ఉండును. డేవీస్ పాదిరి చిట్టాలకును ఈ పొట్లములకును నడుమ రెండువందల యేండ్లకు పైగా గడచినవి.

మన సంగతి మాట యేమి? రాయలసీమ రాగిసంకటి, తెలంగాణము జొన్నరొట్టె, మన్యపు సామలు, కొర్రలు నిన్నమొన్నటివరకు కష్టజీవుల కూడు. వరియన్నము పండుగనాటి మాట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినప్పుడు బీదవాని కడుపు నిండెను. దానిని మేము తప్పుపట్టము, ఆకలి యెరిగినవాడెవడును తప్పుపట్టడు. కాని ఆ బియ్యము వెనుకనే చేలనుండి జొన్న తొలగినది, రోకలి మూలబడినది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. ఇప్పుడు హైదరాబాదు బంజారాహిల్సు, జూబిలీహిల్సు పేటలలో చల్లని గదులయందు రాగిముద్దను రాగిపళ్లెరమున పెట్టి, ‘పల్లె రుచి’ యని పేరుపెట్టి వడ్డించుచున్నారు. తినువారిలో మన పాఠకులును, వారి కుమారులును ఉన్నారు, తిననిండు. ఆ ముద్దకు రాగులు పండించిన మెట్టరైతునకు గింజకేమి గిట్టినదని వడ్డించువాని నొక్కమారడుగుడని మాత్రము కోరుచున్నాము. తమ చేతిక్రింద పొలమున్నవారు రెండెకరములు జొన్నకు విడిచి, పాలేరు ఇంటికిని అందుండి కొలిచి యిచ్చినచో ఇంకను మేలు.

మరల మేఫెయిరునకు వత్తము. ఆ పేటకు తూర్పు పొలిమేర రీజెంటు వీథి. అచట 1926లో తెరచిన వీరాస్వామి యను భోజనశాల ఆ దేశమున నేటివరకు నిలిచిన భారతీయ భోజనశాలలలో మొదటిది. దానిని స్థాపించిన ఎడ్వర్డు పామరునకు హైదరాబాదుతో పుట్టినింటి చుట్టరికము కలదు. నిజాము ప్రభుత్వమునకు హెచ్చువడ్డీకి అప్పులిచ్చి, 1820 తరువాతి యేండ్లలో కూలిపోయిన విలియం పామరు కంపెనీ వారి వంశీకుడాతడు. ఆ విలియం తల్లి మొగలాయి పరివారపు స్త్రీ. 1924లో వెంబ్లీలో జరిగిన సామ్రాజ్య ప్రదర్శనమున భారతీయ భోజనశాలను నడిపిన పిదప ఎడ్వర్డు దీనిని పెట్టెను. మేఫెయిరు పొలిమేరలో నూరేండ్లు నిలిచిన శాల సంప్రదాయమనిపించుకొనునా, అనిపించుకొనదా యను ప్రశ్నకు 2025లో అనుకోని పరీక్ష వచ్చెను. ఆ భవనము క్రౌన్ ఎస్టేటు వారిది. భవనమును బాగుచేయవలసి యున్నదని వారు కౌలు పొడిగింప నిరాకరింపగా, శాలవారు న్యాయస్థానమునకెక్కిరి. శాలను నిలుపవలెనని పలువురు వంటపెద్దలు విజ్ఞప్తులు చేసిరి.

లండనులో అన్నాళ్లుండి ఆ శాలకు పోయితిరా యని మా మిత్రుల నడిగితిమి. పోలేదట. చారన్నము తినుటకు అంతదూరము పోవలయునా యని వారి ప్రశ్న.